ఇరవై నాలుగో వంతు

కొర్లగుంటలో, దంతాల డాక్టరు మిద్దె మీద
పగలంతా కట్టుడుపళ్ళు చేస్తాను.
ఎవరెవరి దవడలో ప్లాస్టర్లో తెల్లబోయి
బల్ల పొడుగునా నోళ్ళు తెరుచుకుని కూచుంటాయి.
ఎనిమిది కొట్టాక వాటిని అట్టపెట్టెలోకి నెట్టి
అదే బల్ల మీద, అదే దీపం కింద
కార్లు చేస్తాను.

అరచేతిలో పట్టే కార్లు.
పన్నుకు కొక్కెం వంచే తీగే వాటికి బంపరు.
చిగుళ్ళ గులాబీ పొడిలో చుక్క ఎరుపు కలిపితే వెనక లైటు.
పింగాణీ పన్నుకు గార దిద్దే కుంచెతో
వైపరు అంచు గీస్తాను, ఊపిరి బిగబట్టి.
"పిల్లోళ్ళకా మేడమ్?" అంటారు.
ఎవరికీ కాదంటే నమ్మరు.

పళ్ళ రంగు ఎంచుకోమని డాక్టరు పైకి పంపితే
దొరసామి మెట్లెక్కి వచ్చాడు.
"మరీ తెల్లగా వద్దు, టీ తాగిన పళ్ళ మాదిర ఉండాల,"
అంటూనే అలమర వైపు చూసి ఆగిపోయాడు.
"నా బండి చేస్తావా మా? అంబాసిడరు.
లీలామహల్ కాడ స్టాండు.
ఇరవై ఆరేండ్లు ఎక్కినా, దిగినా, ఆ కొండ."

ఫోటో లేదు. బండి తుక్కులోకి పోయి పదకొండేళ్ళు.
వచ్చినప్పుడల్లా మాటల్లో ఒక ముక్క తెచ్చి ఇచ్చేవాడు.
ఎడమ పక్క వెనక డోరు పడదు,
లోపలోళ్ళు ఎవురో ఒకరు పట్టుకోవాల.
డిక్కీలో పచ్చ క్యాను, మూత పోయింది,
కవరు చుట్టి రబ్బరు బ్యాండు.
"ఏడో మలుపు కాడ నీళ్ళు తాగతాది. మనిషే అనుకో."

తెల్లరంగు నిగనిగలాడేట్టు కొట్టి చూపిస్తే
మొహం పక్కకు తిప్పుకున్నాడు.
"పెండ్లికూతురు మాదిరుంది. నా బండి గాదు."

దుమ్ము పట్టించాలి.
తగరాన్నీ గాజునీ చిన్నవి చేయొచ్చు,
దుమ్ము చిన్నదవదు.
రోడ్డు మీది నిజం దుమ్ము తెచ్చి చల్లితే
ఇంత కారు మీద గులకరాళ్ళు కురిసినట్టుంటుంది.
పళ్ళకు మెరుగుపెట్టే నురగరాయి పొడిని
రెండు రాత్రులు నూరి, పంచెగుడ్డలో జల్లించి,
ఇటుక రంగు కలిపి మడ్‌గార్డుల కింద అద్దాను.
"రేణిగుంట రోడ్డు," అన్నాడు చూడగానే.
చక్రాల నడుమ మసి రుద్దాను.
కాసేపు ఏమీ అనలేదు.
"దిగేటప్పటి బ్రేకు."

మీటరు ఎంత దగ్గర ఆగిందని అడిగాను.
నాలుగు లక్షల పన్నెండు వేల ఎనిమిది వందల అరవై...
చివరి అంకె దగ్గర తడబడి వెళ్ళిపోయి
వారం తర్వాత అందుకోసమే వచ్చాడు: ఏడు.
ఒంటి వెంట్రుక కుంచె. నాలుగుసార్లు చెరిపాను.
పైకప్పు అంటించాక ఎవరికీ కనపడదు,
నా భూతద్దానికి కూడా.
ఆ మాటే చెప్పాను.
"లోపల ఉండాది గదా," అన్నాడు.

అంటించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.
"డ్రైవరు సీటు తప్పు."
కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, గొణుక్కున్నాను.
ఆయన లేచి నిలబడ్డాడు, సన్నటి మనిషి,
తను కూచున్న కుర్చీ దిండు వైపు చూపించాడు.
మైనం చెంచా వేడిచేసి
సీటు మధ్యలో నొక్కాను.
ఇంకొంచెం, కుడి వైపు వాలుగా.
"ఆఁ. అదే."

పళ్ళూ బండీ ఒక్క రోజే తయారయ్యాయి.
కొత్త పళ్ళు పెట్టుకున్నాక ఏదైనా పలికించి చూడాలి,
నాలుక యాడ తగులుతుందో తెలియాలి.
ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమన్నాను.
ఆయన బండిని దీపం కిందికి జరుపుకుని
గొంతు సవరించుకుని
"కొండ, కొండ, కొండ!
ఒక్కరే తక్కువ, ఒక్కరొస్తే ఎళ్ళిపోతాది!"
అని కేకేశాడు.
కింద వరండాలో వంతు కోసం కూచున్నవాళ్ళు తలెత్తి చూశారు.
'డ' కొంచెం గీరుకుంటోంది, అరగదీయాలి.

లేవబోయి చూసుకుంటే
నా చూపుడువేలు ఎడమ డోరు మీద ఉంది.
పడదు కదా,
పట్టుకునే ఉన్నాను.